మంగళవారం కబుర్లు

వీడియోగేముల మీద సాహిత్య సంచికలో వ్యాసమా అని కొందరు పెద్దలు కళ్ళజోడు సవరించుకుంటారని తెలుసు. అందుకని ముందే మనవి చేసుకుంటున్నాను. ఇది గేముల గురించి కాదు, గేముల గురించి కొందరు స్నేహితులు వారం వారం కూర్చుని చెప్పుకున్న కబుర్ల గురించి. ఆట వాళ్ళదైనా మాట మన శాఖే కదా! ఆ మాట ఎలా నడిచింది, ఎక్కడ నవ్వించింది, ఎక్కడ నిజం చెప్పింది, ఎక్కడ తడబడింది అని చూడటం విమర్శ కిందకే వస్తుందని నా నమ్మకం.

నేను చెప్పబోయే కార్యక్రమం పేరు జెయంట్ బాంబ్‌కాస్ట్. పేరు చూసి హడలిపోకండి. విమానాశ్రయంలో గట్టిగా పలక్కపోతే చాలు, మరే ప్రమాదమూ లేదు. 2008లో కాలిఫోర్నియాలో మొదలైన పాడ్‌కాస్ట్ ఇది. ప్రతి మంగళవారం వచ్చేది, తరచు రెండు మూడు గంటలు సాగేది. మా అబ్బాయి హైస్కూల్లో ఉన్న రోజుల్లో శనివారాలు వాణ్ణి మృదంగం క్లాసుకి తీసుకువెళ్ళేవాణ్ణి. కారులో వెళ్ళేటప్పుడు వాడి పాడ్‌కాస్ట్, వచ్చేటప్పుడు నా ఘంటసాల అని మా ఇద్దరికీ ఒప్పందం. ఆ విధంగా ఒక్క గేమూ ఆడకుండానే గేముల గురించి చాలా గంటలు విన్నాను. వంటింట్లోకి తొంగిచూడకపోయినా పప్పులో ఉప్పు గురించి తీర్పు చెప్పే హక్కు మన మగవాళ్ళకి ఎప్పట్నుంచో ఉంది కాబట్టి, అదే హక్కుతో ఈ వ్యాసం రాస్తున్నాను.

ఉద్యోగం పోతే పుట్టిన ముచ్చట

ఈ కబుర్ల పుట్టుక తెలియకపోతే వాటి విలువ తెలియదు. గేమ్‌స్పాట్ అని గేముల సమీక్షలకి పేరున్న సంస్థ ఒకటి ఉంది. అందులో జెఫ్ గెర్స్ట్‌మన్ అనే ఆయన చాలా ఏళ్ళు సమీక్షకుడిగా, సంపాదకుడిగా పనిచేశాడు. 2007 నవంబరులో కేన్ అండ్ లించ్ అనే గేముకి 10కి 6 మార్కులు వేశాడు. మన బళ్ళలో నూటికి అరవై అంటే ఫస్టు క్లాసు. అమెరికా గేముల లోకంలో 6 అంటే పరువు పోయినట్టే. ఆ సమయానికి ఆ గేము ప్రకటనలు గేమ్‌స్పాట్ నిండా పరచుకుని ఉన్నాయి. అదే నెలాఖరుకి గెర్స్ట్‌మన్ ఉద్యోగం పోయింది.

ఎందుకు పోయిందో చాలాకాలం ఆయన బయటికి చెప్పలేదు, చట్టపరంగా చెప్పడానికి వీల్లేదు. 2012లో ఆయన కొత్త సంస్థని గేమ్‌స్పాట్ యజమానులే కొనుక్కోవటం, దాంతో పాత ఆంక్షలు తొలగటం జరిగాక నోరు విప్పాడు. తక్కువ మార్కులు వేస్తే ప్రకటనలు మానుకుంటామని కంపెనీలు బెదిరించటం, అప్పటి యాజమాన్యం ఆ ఒత్తిడికి తట్టుకోలేకపోవటం, ఈ ఒక్క సమీక్షే కాకుండా అంతకు ముందువి కూడా వాళ్ళకి కంటగింపు కావటం, ఇవీ ఆయన చెప్పిన సంగతులు.

ఆయన పోగానే సహోద్యోగులు కొందరు తామూ రాజీనామా చేసి బయటికి వచ్చారు. వాళ్ళలో రయన్ డేవిస్, బ్రాడ్ షూమేకర్, విన్నీ కారవెల్లా గెర్స్ట్‌మన్‌తో చేరి 2008లో జెయంట్ బాంబ్ అనే సంస్థ మొదలుపెట్టారు. ఆ సంస్థ వారం వారం చెప్పే కబుర్లే బాంబ్‌కాస్ట్. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు ఒకడి ఉద్యోగం పోతే, మిగతావాళ్ళు వచ్చి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తర్వాత వాళ్ళు ఎన్ని వెకిలి జోకులు వేసినా వినేవాళ్ళు వాళ్ళ మాట నమ్మడానికి పునాది ఇక్కడ పడింది.

సాక్షి సంఘం చిన్నతమ్ముడు

ముచ్చట నడిచే తీరు చూద్దాం. ఆ రోజుల్లో సభకి పెద్ద రయన్ డేవిస్. భారీ మనిషి, భారీ కంఠం. ఇవాళ మంగళవారం అని పెళ్ళిపందిట్లో మేళం మోగించినట్టు ప్రకటించి మొదలుపెట్టేవాడు. తర్వాత ఈ వారం ఎవరెవరు ఏమేమి ఆడారు, పరిశ్రమలో వార్తలేమిటి, కొత్తగా ఏం వస్తున్నాయి, చివర్లో శ్రోతల ఉత్తరాలు. వరస చూస్తే మన రేడియో కార్యక్రమం లాగే ఉంటుంది. అయితే ఏ అంశమూ తిన్నగా నడవదు. కొత్త గేము గురించి మొదలుపెట్టినవాడు కొత్తగా వచ్చిన ఎనర్జీ డ్రింకు రుచిలోకి పోతాడు. అక్కణ్ణుంచి ఒకడి చిన్ననాటి ఊరు, ఇంకొకడి ఇంట్లో చెడిపోయిన సామాను. పావుగంట తర్వాత ఎవరో ఒకరు, ఇంతకీ ఆ గేము సంగతేమిటి అని గుర్తుచేస్తారు.

వింటున్నప్పుడల్లా నాకు పానుగంటి వారి సాక్షి గుర్తుకొచ్చేది. 1913లో సువర్ణలేఖ పత్రికలో ఆ వ్యాసాలు మొదలయ్యాయి. పానుగంటి లక్ష్మీనరసింహారావు గారు ఒక సంఘాన్నే కల్పించారు. జంఘాలశాస్త్రి, వాణీదాసు, కాలాచార్యుడు మొదలైనవాళ్ళు కూడి లోకం మీద ఉపన్యాసాలు ఇస్తారు, వాదించుకుంటారు, నవ్విస్తారు, నవ్విస్తూనే వాత పెడతారు. దానికి ప్రేరణ 1711లో లండన్‌లో అడిసన్, స్టీల్ మొదలుపెట్టిన స్పెక్టేటర్ పత్రిక. అందులోనూ ఒక క్లబ్బు ఉంది. ఒక్కొక్క సభ్యుడిదీ ఒక్కొక్క తరహా.

ఎందుకు ఒక్కడి గొంతుతో చెప్పకుండా సంఘాన్ని పెట్టారు? ఒక్కడే విమర్శిస్తే తీర్పులా వినిపిస్తుంది. నలుగురు కలిసి విమర్శిస్తే సంభాషణ అవుతుంది. వినేవాడు వాళ్ళలో ఒకడి పక్షం చేరి, ఇంకొకడి మీద విసుక్కుని, తానూ సంఘ సభ్యుడినే అనుకుంటాడు. బాంబ్‌కాస్ట్‌లో ఈ పాత్రలు కల్పన కాదు, అయినా పని అదే చేస్తాయి. గెర్స్ట్‌మన్ ముప్పై ఏళ్ళ గేముల చరిత్రని నాలుక చివర పెట్టుకున్న గడుసువాడు, దేన్నీ ఊరికే నమ్మడు. షూమేకర్ సాంకేతిక వివరాల మనిషి. కారవెల్లా దేనికైనా సంబరపడే కలుపుగోరు. డేవిస్ అందరి మాటల్నీ తాడులా పేని లాగే సూత్రధారి. ఒకే గేము నాలుగు స్వభావాల మీంచి దొర్లివస్తే దాని మంచీచెడూ దానంతట అదే తేలుతుంది.

అప్రస్తుతం ఎందుకు?

ఈ పక్కదారులు అన్నీ కాలయాపన అనేవాళ్ళున్నారు. వాళ్ళకి అష్టావధానం గుర్తుచేస్తాను. ఎనిమిది మంది పృచ్ఛకులలో ఒకరిని ప్రత్యేకించి అప్రస్తుత ప్రసంగానికి కూర్చోబెట్టిన జాతి మనది. అవధాని సమస్యాపూరణలో మునిగి ఉండగా, మీ ఇంట్లో ఇవాళ ఏం కూర అని అడగటం ఆయన పని. అది అల్లరిగా కనిపిస్తుంది. నిజానికి అవధాని ధారణ ఎంత గట్టిదో తేలేది అక్కడే. చమత్కారంగా బదులిచ్చి, మళ్ళీ వచ్చి వదిలిన పాదాన్ని అందుకుంటే సభ చప్పట్లు కొడుతుంది.

ఈ స్నేహితుల అప్రస్తుతానికీ అటువంటి ప్రయోజనమే ఉంది. గేము విడుదలకి ముందు కంపెనీవాళ్ళు ఫలానా విశేషాలు చెప్పమని ఒక పాఠం తయారుచేసి విలేకరుల చేతుల్లో పెడతారు. ఆ పాఠం చదివేవాడు పక్కదారి పట్టడు. పక్కదారి పట్టాడంటే పాఠం పక్కన పడేశాడన్నమాట. శ్రోతకి అది తెలిసిపోతుంది. ఇంకొక సంగతి. నవ్వుతూ మాట్లాడేవాడు అప్రయత్నంగా నిజం చెబుతాడు. గేము బాగుందా అని అడిగితే ఆలోచించి పదాలు వెతుక్కుంటాడు. రాత్రి రెండింటి దాకా ఎందుకు ఆడావురా అని వెక్కిరిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

అన్ని అప్రస్తుతాలూ ఇలా సార్థకమైనవేనని నేను అనను. అవధానంలో పృచ్ఛకుణ్ణి అదుపు చేయడానికి అధ్యక్షుడుంటాడు. ఇక్కడ ఆ అధ్యక్షుడే పృచ్ఛకుడు. మూడు గంటల్లో ఒక గంట సునాయాసంగా కోసేయవచ్చు.

గొడవపడే కళ

ఏడాది చివర్లో వీళ్ళు ఒక తంతు చేసేవాళ్ళు. ఆ సంవత్సరపు ఉత్తమ గేము ఏదో రోజుల తరబడి, గంటల తరబడి వాదించుకుని తేల్చటం. ఓట్లు లెక్కపెట్టి ముగించరు. ఒకరినొకరు ఒప్పించాలి. 2011 సంవత్సరానికి జరిగిన వాదన వాళ్ళ శ్రోతల్లో బాగా పేరుపడింది. ఒక పక్క స్కైరిమ్. మంచుకొండల మధ్య వందల గంటలు తిరగగలిగే మహాకావ్యం లాంటి గేము. ఇంకో పక్క సెయింట్స్ రో: ది థర్డ్. పచ్చి అల్లరి గేము, ప్రహసనం అనుకోండి. గంభీరమైనదాన్ని గొప్పదనటం సులువు. అల్లరి గేము తన పని లోపం లేకుండా చేసిందనీ, మహాకావ్యం తప్పులతడకగా ఉందనీ వాదించటానికి విమర్శకుడికి గుండె ఉండాలి. ప్రహసనం పక్షాన గట్టి పోరాటమే జరిగింది. చివరికి స్కైరిమ్ గెలిచింది.

కన్యాశుల్కం గొప్పదా, మనుచరిత్ర గొప్పదా అని మనం వాదించుకుంటే ఎంత బాగుండును అనిపించింది ఆ వాదన విన్నాక. మొదటి ప్రశ్న దానికదే పుడుతుంది: హాస్యానికి, గాంభీర్యానికి ఒకే కొలబద్ద ఉందా? ఆ ప్రశ్నని అలంకారశాస్త్రం పేరెత్తకుండా పిజ్జా తింటూ చర్చించుకునే కుర్రాళ్ళని గేముల పిచ్చివాళ్ళని తీసిపారేయలేం. 2010లో సినీవిమర్శకుడు రోజర్ ఈబర్ట్ వీడియోగేములు ఎన్నటికీ కళ కాలేవని రాసి పెద్ద దుమారం లేపాడు. 2011లో అమెరికా సుప్రీంకోర్టు, హింస ఉన్న గేముల్ని పిల్లలకి అమ్మకూడదన్న కాలిఫోర్నియా చట్టాన్ని కొట్టేస్తూ, పుస్తకాలకీ నాటకాలకీ సినిమాలకీ ఉన్న వాక్స్వాతంత్ర్య రక్షణ గేములకీ ఉందంది. కళ అవునా కాదా అన్నది కోర్టు తేల్చే సంగతి కాదు. దాన్ని గురించి ఎంత బాగా మాట్లాడుకోగలుగుతున్నాం అన్న దాన్నిబట్టి మెల్లగా తేలుతుంది.

ఇక్కడే మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఈ దేశంలో నేను హాజరైన పుస్తకావిష్కరణలకి లెక్కలేదు. ఒక్క సభలోనైనా ఈ పుస్తకంలో మూడో కథ తేలిపోయింది అన్న మాట వినలేదు. రచయిత మనవాడు, దాత మనవాడు, వేదిక మీద ఉన్నాయన మనకి రేపు ఎయిర్‌పోర్టుకి రైడ్ ఇచ్చేవాడు. మనకి ప్రకటనలు ఆపేస్తామని బెదిరించే కంపెనీలు లేవు. మొహమాటమే మన ప్రకటనదారు. పదికి పదీ వేసేసి, ఇంటికి వస్తూ కారులో భార్యకి అసలు అభిప్రాయం చెబుతాం. ఆ కారులోని సమీక్షే సభలో చేసి, ఆ తర్వాత అదే రచయితతో కలిసి కాఫీ తాగగలిగిన రోజున మన సాహిత్యం ఒక మెట్టు ఎక్కుతుంది. బాంబ్‌కాస్ట్ నాకు నేర్పిందేమిటంటే, స్నేహం గట్టిదైతే విమర్శ దాన్ని విరవలేదు. మనం విమర్శించకపోవటానికి కారణం స్నేహం ఎక్కువై కాదేమో, చాలక అని నా అనుమానం.

ఖాళీ కుర్చీ

2013 జులై 3న రయన్ డేవిస్ చనిపోయాడు. వయసు 34. పెళ్ళయి కొద్దిరోజులే. కొన్ని రోజుల తర్వాత వార్త బయటికి వచ్చింది. మా అబ్బాయి అప్పటికి కాలేజీలో ఉన్నాడు. ఫోన్ చేసి, నాన్నా, రయన్ పోయాడు అన్నాడు. ఏ రయన్ అని నేను అడగలేదు. నేనూ వాణ్ణి ఎరుగుదును. ఎన్నడూ చూడని మనిషి, మా కుటుంబం ఒకటి భూమ్మీద ఉందని తెలియని మనిషి. అయినా మా ఇంట్లో ఆ సాయంత్రం దగ్గరవాళ్ళెవరో పోయినట్టే ఉంది.

మిగిలిన స్నేహితులు మైకుల ముందు కూర్చుని అతన్ని తలచుకున్నారు. అటువంటి సందర్భంలో మనం సంతాపసభ పెట్టి, తీరని లోటు అని నాలుగు ముక్కలు చెప్పి, రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం. వాళ్ళు అతను చేసిన అల్లరి పనులు ఒక్కొక్కటీ చెప్పుకున్నారు. నవ్వు మధ్యలో గొంతు పూడుకుపోవటం, మళ్ళీ నవ్వు. కరుణరసానికి హాస్యం పనికిరాదని లాక్షణికులు చెప్పవచ్చుగాక. ఏళ్ళ తరబడి నవ్వుతో కట్టుకున్న స్నేహానికి ఏడుపు కూడా ఆ భాషలోనే వచ్చింది. వారం వారం చెప్పుకున్న ఉబుసుపోక కబుర్లు ఏమి కూడబెట్టాయో ఆ రోజు కనిపించింది.

లోపాలు

ఇంతగా మెచ్చుకున్నాక లోపాలు చెప్పకపోతే పైన నేను పెట్టిన వాతే నాకు తగులుతుంది. మొదటిది, భాష. బూతులు ధారాళం. మృదంగం క్లాసు వాకిట్లో ఆగే ముందు వాల్యూమ్ తగ్గించటం మా ఇద్దరికీ అలవాటైంది.

రెండోది, పెద్దది. ఆ గదిలో కూర్చున్నవాళ్ళు చాలాకాలం దాదాపు ఒకే ఈడు, ఒకే తరహా మగవాళ్ళు. 2014లో ఇద్దర్ని కొత్తగా తీసుకున్నప్పుడు ఇద్దరూ అలాంటివాళ్ళే కావటంతో విమర్శ వచ్చింది. అది గేముల లోకంలో ఆడవాళ్ళ మీద వేధింపులు రచ్చకెక్కిన ఏడాది. ఏబీ రసెల్ అనే అమ్మాయి చేరింది 2017లో. ఇది ఒట్టి న్యాయం సమస్య కాదు, విమర్శ సమస్య కూడా. నలుగురూ ఒకే చోట పుట్టిపెరిగిన నవ్వు నవ్వితే, ఆ నవ్వుకి అందని గేములు వాళ్ళ కంటికి ఆనవు. మన పొట్లక్‌లలో మగవాళ్ళు హాల్లో కూర్చుని లోకాన్ని చక్కబెడుతుంటే ఆడవాళ్ళు వంటింటి గట్టు దగ్గర నిలబడి అంతకన్నా మంచి కబుర్లు చెప్పుకుంటారు. రెండు గదుల్లోనూ సగం సగమే సంభాషణ. కాబట్టి ఎదుటివాళ్ళని వేలెత్తి చూపేటప్పుడు కొంచెం చూసుకుని చూపాలి.

మూడోది, లోపలి జోకులు. 2009 నాటి హాస్యం తెలియకపోతే 2012 నాటి నవ్వు అర్థం కాదు. పాతవాళ్ళకి అది చుట్టరికం, కొత్తవాళ్ళకి మూసిన తలుపు. మన సాహిత్యసభల్లో చాసో అనీ, రావిశాస్త్రి అనీ, ఆ మధ్య డెట్రాయిట్‌లో జరిగినట్టు అనీ మనం అంటుంటే వెనక వరసలో మన పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో, వాళ్ళ పాడ్‌కాస్ట్ మొదటిసారి విన్నప్పుడు నా ముఖం అలాగే ఉంది.

తర్వాత ఏమైంది

ఏ సంఘమూ శాశ్వతం కాదు. సంస్థ చేతులు మారుతూ వచ్చింది. 2021లో కారవెల్లా, షూమేకర్, అలెక్స్ నవారో బయటికి వెళ్ళి నెక్స్ట్‌లాండర్ అని సొంతంగా పెట్టుకున్నారు. 2022లో గెర్స్ట్‌మన్ కూడా వెళ్ళిపోయి తన పేరుతోనే కార్యక్రమం మొదలుపెట్టాడు. 2025 మే నెలలో జెయంట్ బాంబ్‌ని అక్కడ పనిచేస్తున్నవాళ్ళే కొనుక్కున్నారు. ఆ సంస్థకి, నెక్స్ట్‌లాండర్‌కి, గెర్స్ట్‌మన్‌కి డబ్బిచ్చి నిలబెడుతున్నది ముఖ్యంగా వినేవాళ్ళే. ప్రకటనదారు కోపం వల్ల పుట్టిన ముచ్చట పదిహేడేళ్ళకి శ్రోతల చందాలతో నిలబడటం నాకు తృప్తిగా ఉంది. నిజం చెప్పినవాడికి జీతం ఎవరు ఇవ్వాలి అన్న ప్రశ్నకి ఇప్పటికి దొరికిన జవాబుల్లో ఇదే నయం.

ఈ సంచిక చదివే తల్లిదండ్రుల్లో చాలామంది ఇళ్ళలో ఒక కుర్రాడో అమ్మాయో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని తనలో తాను నవ్వుకుంటూ ఉంటారు. ఆ గేము కట్టెయ్యి అనటం మనకి తెలుసు. దాని బదులు, ఎందుకు నవ్వుతున్నావు అని ఒకసారి అడిగి చూడండి. మొదటిసారి, ఏం లేదు అంటారు. రెండోసారీ అదే అంటారు. మూడోసారి చెప్పటం మొదలుపెడితే మధ్యలో లెక్కల హోమ్‌వర్క్ గురించి మాత్రం అడగకండి. ఏ గేము బాగుంది, ఏది బాగాలేదు, ఎందుకు బాగాలేదు అని మన బిడ్డ కారణాలతో సహా చెబుతుంటే మనం వింటున్నది సాహిత్య విమర్శే. తెలుగులో చెబితే ఇంకా సంతోషం. ఇంగ్లీషులో చెప్పినా, చివరిదాకా వినండి.